కాలేయంలో కొవ్వు: రాకడ ఎంత, పోకడ ఎంత?

జగిత్యాలలోనో, కోరుట్లలోనో, సిరిసిల్లలోనో కడుపునొప్పి అనో, కిడ్నీలో రాయి ఉందేమోననో స్కానింగ్‌కు వెళ్లినవాళ్ల రిపోర్టులో ఇప్పుడు తరచూ ఒక వరుస కనిపిస్తోంది: గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్. ఇంటికొచ్చాక రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. 'నూనె, మాంసం బంద్ పెట్టు, అదే పోతది' అనేది మొదటిది. 'అందరికీ ఉండేదే, ఏం కాదు' అనేది రెండోది. మొదటిదాంట్లో ఉన్న నిజం కొంతే. రెండోది నమ్మి ఊరుకుంటే కొందరికి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ జబ్బును అర్థం చేసుకోవాలంటే రెండు లెక్కలు చూడాలి. కాలేయంలోకి కొవ్వు ఎంత వస్తోంది? వచ్చినదాంట్లో ఎంత ఖర్చవుతోంది? మనం ఎప్పుడూ మొదటి లెక్క గురించే మాట్లాడుకుంటాం. రెండో లెక్క ఎంత ముఖ్యమో ప్రపంచానికి చూపించినవాళ్లలో ఒక తెలుగు డాక్టరు ఉన్నారు. ఆయన పేరు జనార్దన్ రెడ్డి. ఆయన ప్రయోగశాల చెప్పిన సంగతి అర్థమైతే, మన పళ్లెంలో ఏం మార్చుకోవాలో, మన రోజులో ఏం మార్చుకోవాలో కూడా తెలుస్తుంది.

కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

కాలేయం కిలోన్నర వరకు తూగే అవయవం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ముదురు ఎరుపు రంగులో ఉంటుంది. మాంసం దుకాణంలో మేక కార్జం చూసినవాళ్లకు ఆ రంగు తెలుసు. కొవ్వు నిండిన కాలేయం పాలిపోయి, పసుపు పచ్చగా, ఉబ్బి ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే కణాల లోపల తెల్లటి బొట్లు కనిపిస్తాయి. అవే కొవ్వు బిందువులు. నూటికి అయిదు కంటే ఎక్కువ కణాల్లో ఈ బొట్లు ఉంటే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు.

ఈ కొవ్వంతా మనం తిన్న నూనెలోంచి, మాంసంలోంచి వచ్చిందే అనుకోవడం సహజం. 2005లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని నేరుగా కొలిచారు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల శరీరంలోకి గుర్తు పెట్టిన పోషకాలు పంపి, తర్వాత కాలేయం ముక్క తీసి, అందులోని కొవ్వు ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో చూశారు. దాదాపు 59 శాతం ఒంట్లో అప్పటికే నిల్వ ఉన్న కొవ్వు కరిగి రక్తంలో కొట్టుకొచ్చింది. 26 శాతం కాలేయం తనంతట తానే చక్కెర, పిండి పదార్థాల నుంచి తయారు చేసుకుంది. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చింది 15 శాతమే.

ఈ మూడు అంకెలను ఒక్కసారి మన ఇంటి భోజనం పక్కన పెట్టి చూడండి. ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం భారతీయులు రోజూ తీసుకునే శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది. మన దగ్గర పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అన్నమే తినే ఇళ్లు ఎన్నో. మధ్యలో నాలుగైదు చాయ్‌లు, ప్రతి చాయ్‌లో చక్కెర. కూరలో నూనె తగ్గించి, పళ్లెంలో అన్నం గుట్ట అలాగే ఉంచి, చాయ్‌లో చక్కెర అలాగే వేసుకుంటే, చిన్న దారి మూసి పెద్ద దారులు తెరిచి పెట్టినట్టే.

59 శాతం ఎందుకు వస్తుందో కూడా తెలుసుకోవాలి. తిన్న తర్వాత ఇన్సులిన్ ఒంట్లోని కొవ్వు నిల్వలకు 'ఇప్పుడు కరగొద్దు' అని చెబుతుంది. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగి, కండరాలకు పని తగ్గినవాళ్లలో ఆ మాట చెల్లదు. ఇన్సులిన్ ఉన్నా నిల్వలు కరుగుతూనే ఉంటాయి, ఆ కొవ్వు కాలేయానికి చేరుతూనే ఉంటుంది. అదే ఇన్సులిన్ కాలేయంలో మాత్రం కొత్త కొవ్వు తయారీని ఆపకుండా నడిపిస్తుంది. షుగర్ జబ్బు, ఫ్యాటీ లివర్ కలిసి నడవడానికి కారణం ఇదే. అందుకే 2023లో ప్రపంచ నిపుణులంతా కలిసి ఈ జబ్బుకు పాత పేరు మార్చి, జీవక్రియ లోపంతో వచ్చే కాలేయ వ్యాధి అని అర్థం వచ్చే కొత్త పేరు పెట్టారు.

వచ్చిన కొవ్వు ఎటు పోతుంది?

యాసంగి వడ్లు కోసిన తర్వాత కొనుగోలు కేంద్రం ఎట్లా ఉంటుందో జగిత్యాల రైతుకు చెప్పనక్కర లేదు. ట్రాక్టర్లు వస్తూనే ఉంటాయి. కాంటా అయి, లారీలు ఎత్తుకుని మిల్లుకు పోతుంటే ఇబ్బంది లేదు. లారీలు రాని రోజు, రోజూ వచ్చేంత ధాన్యమే వచ్చినా, కుప్పలు రోడ్డు దాకా పెరుగుతాయి. కాలేయంలో కొవ్వు కుప్పలు పడటం కూడా ఇట్లాంటిదే. రాకడ పెరిగినా కుప్ప పెరుగుతుంది, ఎత్తుబడి ఆగినా పెరుగుతుంది.

కాలేయంలో కొవ్వు ఎత్తుబడికి రెండు దారులున్నాయి. ఒకటి, ప్రొటీన్‌తో కలిపి మూట కట్టి రక్తంలోకి పంపడం. రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ అని కనిపించేదాంట్లో చాలా భాగం ఇదే. రెండోది, అక్కడికక్కడే కాల్చి శక్తిగా మార్చడం. ఈ కాల్చే పని కణంలో మైటోకాండ్రియా అనే భాగాల్లో ఎక్కువగా జరుగుతుంది. మరీ పొడవైన కొవ్వు ఆమ్లాలను మాత్రం ముందుగా పెరాక్సిజోములు అనే మరో రకం భాగాలు చిన్నవి చేసి ఇస్తాయి. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డూవ్ 1960లలో పెరాక్సిజోములకు ఆ పేరు పెట్టారు. కణ నిర్మాణం మీద ఆయన చేసిన పనికి 1974లో నోబెల్ బహుమతి వచ్చింది. మిల్లీమీటరులో రెండు వేలో వంతు ఉండే ఈ గుండ్రటి సంచుల చుట్టూనే జనార్దన్ రెడ్డి పరిశోధన జీవితం నడిచింది.

ఎలుక కాలేయంలో కనిపించిన వింత

జనార్దన్ రెడ్డి హైదరాబాద్‌లో వైద్యం, ఢిల్లీ ఎయిమ్స్‌లో పాథాలజీ చదివి అమెరికా వెళ్లారు. మొదట కాన్సాస్ విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. అక్కడ చాలా ఏళ్లు పాథాలజీ విభాగానికి అధిపతిగా ఉన్నారు. ఆయనతో కలిసి ఎన్నో ప్రయోగాలు చేసిన ఎం. సాంబశివరావు కూడా తెలుగు పాథాలజిస్టే.

ఆ రోజుల్లో రక్తంలో కొవ్వు తగ్గించడానికి క్లోఫైబ్రేట్ అనే మందు వాడేవారు. దాన్ని ఎలుకలకు ఇస్తే వాటి కాలేయం పెరిగి, కణాల్లో పెరాక్సిజోములు విపరీతంగా ఎక్కువవుతున్నాయని కాన్సాస్‌లోని పరిశోధకులు స్వోబోడా, అజర్నాఫ్ 1966లో రాశారు. 1975లో జనార్దన్ రెడ్డి, సహ పరిశోధకుడు కృష్ణకాంత కలిసి ఇంకో విశేషం చూపించారు. క్లోఫైబ్రేట్‌తో రసాయనికంగా ఏ పోలికా లేని మందులు కూడా అదే పని చేస్తున్నాయి. ఆకారం వేరు, ఫలితం ఒకటే. అంటే కణం లోపల ఇవన్నీ నొక్కే ఒకే మీట ఏదో ఉండి తీరాలి.

1980లో నేచర్ పత్రికలో ఆయన బృందం మరో సంగతి ప్రకటించింది. ఈ మందులను చాలాకాలం ఇచ్చిన ఎలుకల్లో కాలేయ క్యాన్సర్ వస్తోంది. అయితే ఇవి మామూలు క్యాన్సర్ కారకాల్లా డీఎన్‌ఏను నేరుగా చెడగొట్టవు. ఇది కొత్త రకం క్యాన్సర్ కారకాల వర్గం అని వాళ్లు తేల్చారు. మనుషుల విషయంలో భయపడాల్సిన పని లేదని తర్వాత దశాబ్దాల అనుభవం చూపించింది. ఫెనోఫైబ్రేట్ వంటి ఆ కుటుంబపు మందులు ఇప్పటికీ డాక్టర్లు రాస్తున్నారు, మనిషి కాలేయం వాటికి ఎలుక కాలేయంలా స్పందించదు. కానీ ఆ ఎలుకల వల్లే మీట కోసం వేట మొదలైంది. 1990లో బ్రిటన్‌లో ఇసెమాన్, గ్రీన్ అనే శాస్త్రవేత్తలు ఆ మీటను పట్టుకున్నారు. దానికి పీపార్ అని పేరు. అందులో కాలేయంలో ప్రధానంగా పనిచేసే రకం పీపార్-ఆల్ఫా. ఇది కొవ్వును కాల్చే జన్యువులన్నిటినీ ఒకేసారి నడిపిస్తుంది.

ఆకలితో ఉన్న ఎలుకకు కొవ్వెక్కడిది?

ఇక్కడి నుంచి జనార్దన్ రెడ్డి ప్రయోగశాల పని నేరుగా ఫ్యాటీ లివర్‌కు చేరింది. పెరాక్సిజోముల్లో కొవ్వును కాల్చే మొదటి ఎంజైమును జన్యువు నుంచే తీసేసిన ఎలుకలను ఆయన బృందం 1996లో తయారు చేసింది. ఆ ఎలుకలకు ప్రత్యేకంగా కొవ్వు తిండి పెట్టలేదు. అయినా చిన్న వయసులోనే కాలేయం కొవ్వుతో నిండి వాచిపోయింది. కాలని కొవ్వు ఆమ్లాలే పీపార్-ఆల్ఫా మీటను ఆగకుండా నొక్కుతూ ఉండటంతో, వయసు పెరిగేసరికి వాటి కాలేయాల్లో కణితులు వచ్చాయని 1998లో రాశారు. ఒక్క ఎంజైము లేకపోతే కొవ్వు పేరుకోవడం, వాపు, క్యాన్సర్ వరుసగా వచ్చాయన్నమాట.

2000లో వచ్చిన ప్రయోగం ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. పీపార్-ఆల్ఫా లేని ఎలుకలను పస్తు ఉంచారు. తిండి లేదు కాబట్టి కాలేయంలో కొవ్వు తగ్గాలని ఎవరైనా అనుకుంటారు. జరిగింది దానికి వ్యతిరేకం. వాటి కాలేయాలు కొవ్వుతో నిండిపోయాయి. పస్తున్నప్పుడు ఒంట్లోని నిల్వలు కరిగి కాలేయానికి వస్తాయి. మామూలు ఎలుక కాలేయం ఆ సమయంలో కాల్చే యంత్రాంగాన్ని పెంచుకుని తట్టుకుంటుంది. మీట లేని ఎలుకకు ఆ శక్తి లేదు. ట్రాక్టర్లు వరుస కట్టాయి, ఒక్క లారీ కూడా కదల్లేదు. కాలేయంలో కొవ్వును కాల్చే శక్తి ఎంత ఉందనేదే ఫ్యాటీ లివర్ తీవ్రతను నిర్ణయిస్తుందని ఆ బృందం తేల్చింది.

ఎలుకలో జరిగిందంతా మనిషికి అన్వయించకూడదు. మనుషుల్లో చాలామందికి పీపార్-ఆల్ఫా జన్యువు బాగానే ఉంటుంది. కానీ ఈ ప్రయోగం నేర్పిన ఆలోచన మనిషికీ వర్తిస్తుంది: తిండి ఒక్కటే లెక్క కాదు, ఖర్చు కూడా లెక్కే.

మన మూడు పట్టణాల్లో ఖర్చు ఎందుకు తగ్గింది?

కోరుట్ల ప్రాంతంలో బీడీలు చుట్టే అక్కలు తంబాకు చాట ముందేసుకుని కూర్చుంటే పొద్దుగూకే దాకా లేవరు. చేతులు ఆగవు, కాళ్లు కదలవు. సిరిసిల్లలో మరమగ్గాల మీద రాత్రి షిఫ్టు చేసే కార్మికులు నిద్ర రావొద్దని చక్కెర చాయ్ మీద చాయ్ తాగుతారు. రాత్రి పూట ఇన్సులిన్ పగటిలా చురుగ్గా పనిచేయదు కాబట్టి అప్పుడు తిన్నది త్వరగా కొవ్వుగా మారుతుంది. జగిత్యాల పల్లెల్లో నాట్లకు, కోతలకు యంత్రాలు వచ్చాయి. అది మంచిదే, నడుములు మిగిలాయి. కానీ ఒళ్లు వంచి పనిచేసిన రోజుల్లో తిన్నంత అన్నం ఇప్పటికీ అలాగే తింటున్నాం. మక్క గటక, జొన్న రొట్టె పోయి మూడు పూటలా తెల్ల అన్నం వచ్చింది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లలో ఏళ్ల తరబడి క్యాంపు గదుల్లో వేళాపాళా లేని తిండి, తీపి కూల్‌డ్రింకులు అలవాటైనవాళ్లున్నారు.

కూర్చుని చేసే పని ఏం చేస్తుందో హైదరాబాద్‌లో తేలింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. అందులో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంది. కంప్యూటర్ ముందు కూర్చున్నా, బీడీ చాట ముందు కూర్చున్నా కండరానికి తేడా తెలియదు. కదలకపోతే అది రక్తంలోని చక్కెరను వాడుకోదు. వాడుకోని చక్కెర కాలేయానికి చేరుతుంది.

సన్నగా ఉన్నవాళ్లు 'మాకు రాదు' అనుకోవద్దు. భారతీయుల్లో బరువు తక్కువున్నా పొట్ట దగ్గర కొవ్వు చేరే గుణం ఎక్కువ. మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. దర్జీ టేపు ఒక్కటి చాలు ఈ పరీక్షకు.

రిపోర్టును ఎలా చదవాలి?

ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో చాలామంది కొవ్వు దశలోనే ఉండిపోతారు. కొందరికి వాపు వస్తుంది, ఆ వాపు మచ్చలుగా మారుతుంది, మచ్చలు పెరిగి కాలేయం గట్టిపడుతుంది. అదే సిర్రోసిస్. అందులో కొందరికి క్యాన్సర్ వస్తుంది. ఇదంతా నొప్పి లేకుండా ఏళ్ల తరబడి జరుగుతుంది. గ్రేడ్ 1, 2, 3 అనేవి స్కానింగ్‌లో కొవ్వు ఎంత కనిపించిందో చెబుతాయి, మచ్చలు ఎంత పడ్డాయో చెప్పవు. ప్రమాదాన్ని నిర్ణయించేది మచ్చలే. ఎస్జీపీటీ అనే కాలేయ రక్త పరీక్ష మామూలుగా ఉన్నంత మాత్రాన మచ్చలు లేవని కూడా కాదు.

మచ్చల అంచనాకు ఫిబ్-4 అనే చిన్న లెక్క ఉంది. వయసును ఎస్జీవోటీ అనే మరో రక్త పరీక్ష అంకెతో గుణించాలి. దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్య, ఎస్జీపీటీ వర్గమూలం కలిపి గుణించగా వచ్చినదానితో భాగించాలి. ఉదాహరణకు వయసు 48, ఎస్జీవోటీ 60, ఎస్జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2 లక్షలు అనుకుందాం. లక్షల్లో ఉన్న ప్లేట్‌లెట్లను వెయ్యితో భాగించి 200 అని తీసుకోవాలి. 64 వర్గమూలం 8. పైన 48ని 60తో గుణిస్తే 2880. కింద 200ను 8తో గుణిస్తే 1600. భాగిస్తే 1.8. ఈ అంకె 1.3 కంటే తక్కువైతే మచ్చల ప్రమాదం తక్కువ. 2.67 దాటితే ఎక్కువ. మధ్యలో ఉంటే కాలేయం గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకుని తేల్చుకోవాలి. 35 ఏళ్ల లోపువారికి ఈ లెక్క సరిగా పనికిరాదు. 65 దాటినవాళ్లకు హద్దు 1.3 బదులు 2 అని చూస్తారు.

దీనికి కావాల్సిన రక్త పరీక్షలు ఖరీదైనవి కావు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఫ్యాటీ లివర్‌ను షుగర్, బీపీలతో పాటు జాతీయ కార్యక్రమంలో చేర్చాలని కేంద్రం 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి షుగర్ మందుల కోసం ఆసుపత్రికి వెళ్లినప్పుడు కాలేయం సంగతి కూడా అడగడం మన హక్కు. హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా ఒకసారి చేయించుకోవాలి.

మందు ఏది?

అన్నిటికంటే బలమైన మందు బరువు తగ్గడమే. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది. 10 శాతం తగ్గినవాళ్లలో చాలామందికి మచ్చలు కూడా వెనక్కి వెళ్తాయి. 70 కిలోల మనిషికి ఇది మూడున్నర నుంచి ఏడు కిలోలు. వారానికి అర కిలో, మహా అయితే కిలో చొప్పున తగ్గాలి. కడుపు మాడ్చుకుని ఒక్కసారి దించేస్తే నిల్వలన్నీ కరిగి కాలేయం మీద పడతాయి, వాపు పెరగవచ్చు, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు.

పళ్లెంలో అన్నం సగం చేసి, ఆ జాగాలో పప్పు, గుడ్డు, కూరగాయలు పెట్టండి. ఒక పూట జొన్న రొట్టెకు, గటకకు మళ్లీ వెళ్లండి. చాయ్‌లో చక్కెర తగ్గిస్తూ మానేయండి. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు పూర్తిగా వదిలేయండి. వాటిలోని తీపిని కాలేయం చాలా తేలిగ్గా కొవ్వుగా మారుస్తుంది. వారానికి కనీసం 150 నిమిషాలు, ఒళ్లు చెమట పట్టేలా నడవండి. బరువు దిగకపోయినా నడక వల్ల కాలేయంలో కొవ్వు తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. బీడీలు చుట్టేవాళ్లు గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేస్తే అదీ లెక్కలోకి వస్తుంది.

కల్లు, సారా, బీరు ఏదైనా సరే, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు వద్దు. కామెర్లకు పోసే పసరులు, పేరూ ఊరూ లేని లివర్ టానిక్‌లు వద్దు. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబయి డాక్టర్లు 2021లో నమోదు చేశారు. మన పొలాల్లో పండే పసుపు కూరలో వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు. మిరియాల సారం కలిపి గాఢంగా చేసి అమ్మే పసుపు బిళ్లలతో మాత్రం కాలేయ వాపు వచ్చిన సందర్భాలు అమెరికాలో నమోదయ్యాయి.

మందులూ వస్తున్నాయి. మచ్చలు పడినవాళ్లకు అమెరికాలో 2024 మార్చిలో రెస్మెటిరామ్‌కు, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్‌కు అనుమతి దొరికింది. మన దేశంలో జైడస్ కంపెనీ తయారు చేసిన సరోగ్లిటజార్‌కు 2020లో ఈ జబ్బు కోసం అనుమతి ఇచ్చారు. అది పనిచేసేది పీపార్ మీటల మీదే. క్లోఫైబ్రేట్ తిన్న ఎలుకల కాలేయంలో కనిపించిన వింత నుంచి మన ఊరి మందుల దుకాణంలో బిళ్ల దాకా దారి ఇలా పడింది. ఏ మందు ఎవరికి అవసరమో డాక్టరే చెప్పాలి. సొంతంగా కొని మింగే మందులు కావివి.

ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ప్రాణాలు తీసేది కాలేయం కాదు, గుండె జబ్బు. కాబట్టి కాలేయం కోసం చేసే ప్రతి పనీ గుండెకూ పనికొస్తుంది. ముప్ఫై అయిదేళ్లు దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, నడుము కొలత హద్దు దాటినవాళ్లు ఈ నెలలోనే షుగర్, ఎస్జీవోటీ, ఎస్జీపీటీ, ప్లేట్‌లెట్ పరీక్షలు చేయించుకుని ఫిబ్-4 లెక్క వేయించుకోండి. నూనె తగ్గించడంతోనే సరిపెట్టుకోకుండా అన్నం, చక్కెర తగ్గించండి, నడక పెంచండి. ముందే పట్టుకుంటే వెనక్కి మళ్లించగలిగే జబ్బు ఇది.